కొలిమి కాడికి కాటా పట్టుకపోయిన

మా ఊళ్ళో ఎవరైనా శంషాబాద్ పోయొస్తే మొదలు అడిగేది విమానం ముచ్చటే. ఎంత పెద్దగుంది, దగ్గరికి పోనిచ్చిన్రా, లోపల చాయ్ ఎంత. నేను నాలుగు రోజులు ఆ విమానాల కిందనే తిరిగొచ్చిన గని, తల ఎత్తి చూసింది తక్కువ. నేను పోయింది కమ్మరి పని నేర్చుకోవడానికి. అరవై దాటిన ఆడమనిషి, వ్యవసాయం ఇంటి మనిషి, కొలిమి ముందర కూసొని సుత్తె పట్టుడేందని మా బిడ్డనే నవ్వింది. ఆ నవ్వుకు నాకు సిగ్గు కాలేదు. సిగ్గైన సంగతి వేరే ఉంది, అది చెప్పడానికే ఇది రాస్తున్న. దారిలో చూసినవి, తిన్నవి కూడా చెప్త. ఒట్టి తప్పొప్పుకోలు అయితే ఎవరు చదువుతరు?

ముందు జరిగింది కొంత చెప్పాలె. పన్నెండేండ్ల కింద మా ఊరి కమ్మరి లచ్చయ్యకు పాత బండి చక్రం ఇనుప పట్టా ముక్క ఇచ్చిన. మా దిక్కు ఇనుము రైతుది, పని కమ్మరిది. నాగలి కర్రు ఒకటి, కొడవండ్లు రెండు చేసియ్యమన్న. ఇచ్చేముందు కిరాణం దుకాణంల తూకం వేయించిన, ఐదు కిలోలు. పనైనంక మళ్ళ వేయించిన, మిగిలిన ముక్కలతో సహా. నాలుగున్నర.

"అర కిలో ఏమైంది లచ్చయ్యా?" అని అడిగితే, "నిప్పు తిన్నదక్కా" అన్నడు.

పదిమంది నిలబడి ఉన్నరు. "నిప్పు తిన్నదో, నువ్వు తిన్నవో" అంటి. అందరూ నవ్విన్రు. నేను చదివింది మూడో తరగతి దాకనే అయినా తీసివేతలు తప్పు రావు. ఐదుల నాలుగున్నర పోతే అర. నాకు తెల్సింది అంతే. తెల్లారి నుంచి కొలిమికి పోయే ప్రతివాళ్ళు కాటా పట్టుకపోవుడు మొదలైంది. ఏడాది తిరగకముందే లచ్చయ్య కొలిమిల మట్టి పోసి, పెండ్లాన్ని తీసుకొని ఊరు విడిచిండు. ఈ ప్రయాణం బయలెల్లిన దినం దాక నేను చేసింది మంచి పనే అనుకున్న.

కందుకూరు బస్సులో

లచ్చయ్య పోయినంక మా ఊళ్ళో కొలిమి లేదు. కొడవలి కావాల్నంటే కందుకూరు అంగడి. డెబ్బై రూపాయలు పెట్టి తెస్తే ఒక్క పంటకే మొండైతది. కలుపు తీసే ఖుర్పి అయితే తడి నేలల కూడా వంగుతది. లచ్చయ్య చేసినవి అరిగిపోయేదాక వాడి, ఆ తర్వాత నాలుగు పంటలు గట్లనే కొన్న. ఐదోసారి పైసలు తియ్యబుద్ధి కాలే. మామిడిపల్లిల ఉండే నా బిడ్డ సుశీల ఫోన్ల చెప్పింది, శంషాబాద్ రోడ్డు మీద నర్సమ్మ అని ఒక కమ్మరామె ఉన్నదంట, ఇనుమూ బొగ్గూ మనం తెచ్చుకుంటే పని చూపిస్తదంట. చిన్న చిన్నవి ఇంట్లనే చేసుకుంటే ఆ డెబ్బై రూపాయలు మిగులుతయి గదా అని లెక్క వేసిన.

బస్సుల నా పక్కన సీతాఫలాల గంపతోని ఒక ఆమె కూసున్నది. గంప నా కాళ్ళ మీదికి జరుపుకుంట అడిగింది.

"ఏడికి పోతున్నవవ్వా?"

"కమ్మరి పని నేర్వనీకి."

ఆమె నన్ను కిందికెల్లి మీదికి చూసింది. "మీ ఊర్ల కమ్మరాయన లేడా?"

"ఉండె. ఇనుము దొంగతనం చేస్తుంటె పట్టిన. పోయిండు."

ముందు సీట్లోళ్ళు కూడా వెనక్కి తిరిగి విన్నరు. ఆమె నాలిక చప్పరించి, "మంచి పని చేసినవ్. అసుంటోళ్ళను ఊకెనే ఇడ్వొద్దు" అని నాకొక పండు ఇచ్చింది. పైసలియ్యబోతే తీస్కోలేదు. బలే తియ్యగుండె. దొంగను పట్టినందుకు ఇచ్చిన పండు కదా, ఇంకొకటి అడుగుదామా అని కూడా అనిపించింది.

మామిడిపల్లి, బిడ్డ ఇల్లు

మామిడిపల్లి ఒకప్పుడు మాలాంటి ఊరే. విమానాల మైదానం పడ్డప్పటి నుంచి జొన్న చేన్లన్నీ ప్లాట్లయినయి. తెల్ల రాళ్ళు పాతి, వాటికి నంబర్లు వేసిన్రు. ఇంటి మీదికెల్లి విమానం పోతే గిన్నెలు కదులుతయి. మా సుశీల మాట మధ్యల ఆపి, విమానం పోయినంక అక్కడి నుంచే అందుకుంటది. రెండు పూటల్లో నాకూ అలవాటైంది. మా ఊళ్ళో మాట ఆపితే అలిగినట్టు లెక్క. ఇక్కడ అందరూ ఆపుతరు, ఎవరూ అలగరు.

సుశీల ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సలాకలు దొడ్ల తుప్పు పడుతున్నయి. వాటిల ఒకటి ఏరి కాటాకు తగిలిస్తే సరిగ్గ రెండు కిలోలు తూగింది. కాటా నాదే, కొక్కెం ఉండే చేతి కాటా. ఏ ఊరికి పోయినా సంచిల ఉంటది.

"కొలిమికి కాటా ఎందుకే అవ్వా?" అన్నది సుశీల.

"మన ఇనుము ఎంత పోయిందో, ఎంత వచ్చిందో తెల్వొద్దా?"

"నీ సలాక ఆమె ఏంజేసుకుంటదే? రోడ్డు మీద పడేస్తే కుక్క కూడా ముట్టది."

నేను కాటా సంచిలనే పెట్టుకున్న. బొగ్గు బస్తా మూడు వందలు చెప్పిండు. బేరం చేసి సగం బస్తా నూట ముప్పైకి తెచ్చిన.

నర్సమ్మ కొలిమి, మొదటి దినం

నర్సమ్మకు నలబై ఐదేండ్లుంటయి. రేకుల పందిరి కింద కొలిమి. భర్త చేతికి దెబ్బ తగిలి పెద్ద పని చెయ్యలేకపోతే, సమ్మెట ఈమె అందుకున్నది. మా ఊళ్ళో కమ్మరాయన పెండ్లాం తిత్తి ఊదేది, సమ్మెట ముట్టేది కాదు. ఇక్కడ రాళ్ళు కొట్టేటోళ్ళు ఉలులు నూరించుకోవడానికి వరుస కట్టి నిలబడుతరు, "అక్కా నాదయిందా" అనుకుంట. మగోళ్ళు ఒక ఆడమనిషి కోసం గట్ల ఓపికతో నిలబడుడు నేనెక్కడా చూడలే.

నేను చెప్పులతోనే పందిరి కిందికి పోయిన. "అవ్వా, చెప్పులు బైట" అన్నది. దాగలికి, అంటే దెబ్బలు ఓర్చే ఇనుప దిమ్మెకు, పసుపు బొట్టు పెట్టి ఉంది. సుత్తె బరువెంతుందో చూద్దామని చేతిలకు తీసుకొని ఆ దిమ్మె మీద టంగుమని ఒకటి వేసిన. నర్సమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టింది.

"ఉత్త దాగలి మీద కొట్టరాదవ్వా. ఇనుము లేకుంట కొడితే ఇంట్ల అన్నం లేకుంట పళ్ళెం మోగించినట్టు."

వరుసల ఉన్నోళ్ళు నవ్విన్రు. నేను ఏం తక్కువ కాదన్నట్టు సంచిలకెల్లి కాటా తీసి, అందరి ముందర సలాక తగిలించి, "రెండు కిలోలు. చూసుకో అమ్మా, నువ్వు కూడా" అంటి.

నర్సమ్మ కాటా చూసింది, నన్ను చూసింది. "చూసిన" అన్నది. ఆ తర్వాత చాలాసేపు పని మాటలు తప్ప వేరే మాట్లాడలే. అప్పుడు నేను పట్టించుకోలేదు.

పని ఎట్లుంటదో చెప్త, మీలో ఎవరికన్నా పనికొస్తది. మొదలు నేర్పేది మొన చేసుడు. సలాక కొస నిప్పుల పెట్టి, చక్రం తిప్పి గాలి కొట్టాలె. ఇనుము మొదట దానిమ్మ గింజ రంగుకొస్తది. అప్పుడు కొట్టొద్దు, పగులుతది. నారింజ పండు రంగు దాటి పసుపుకు తిరుగుతున్నప్పుడు పట్కారుతో తీసి కొట్టాలె. నాలుగు దెబ్బలు ఒక దిక్కు, పావు వంతు తిప్పి నాలుగు దెబ్బలు. రంగు దిగంగనే మళ్ళ నిప్పుల పెట్టాలె.

నేను బొగ్గు మిగిలించాలని చిన్న మంట పెట్టిన. ఇనుము సగం కాలింది, సగం కాలలే. కొడితే కొస రెండుగా చీలింది. "అవ్వ బొగ్గు మిగిలించింది, ఇనుము పోగొట్టింది" అని వరుసల ఒకాయన అన్నడు. రోషం వచ్చి రెండోసారి దండిగ బొగ్గు పోసి, ఆయనకు జవాబు చెప్పుకుంట చక్రం తిప్పిన. తారాజువ్వల లెక్క మెరుపులు రాలినయి. తీసి చూస్తే బొటనవేలంత కొస లేదు.

"ఏది?" అని అడిగిన.

"కాలిపోయింది" అన్నది నర్సమ్మ. "తెల్లగయ్యి మెరుపులు రాలితే ఇగ అది ఇనుము కాదు."

ఇనుము కట్టె లెక్క కాలుతదని ఆ పూట కండ్లార చూసిన. చూసి కూడా నాకు తట్టలే, చూడండి. నా తెలివి అంత గట్టిది. సాయంత్రానికి రెండు మేకులు, ఒక మొన అయినయి. కొంగుకు మూడు బొక్కలు పడ్డయి.

రెండో దినం, తూకం

రెండో దినం మొదలు కొక్కెం. కొసను సన్నగ చేసి, దాగలి అంచు మీద వంచుడు. వంపు వచ్చేది దెబ్బతో కాదు, చెయ్యి ఎంత కిందికి వంచి పడుతవో దాంతోని. అది అయినంక ఖుర్పి. సలాక కొసను చపాతి లెక్క వెడల్పు చేసి, అంచు పల్చగ చేసి, ఎర్రగున్నప్పుడే నీళ్ళల్ల ముంచుడు. నీళ్ళల్ల ముంచినప్పుడు వచ్చే ఆ సుయ్యి మన్న చప్పుడు నాకు బాగ నచ్చింది. ఖుర్పి కొంచెం వంకరనే. నాలుగుసార్లు కాల్చి సరిచేసిన. సుత్తె, పట్కారు నేనే పట్టిన. నర్సమ్మ చేతులు కట్టుకొని దూరం నుంచి చెప్పింది. ఎందుకట్ల దూరమున్నదో అప్పుడు నాకు తెల్వలే.

మధ్యాహ్నం అన్నీ మూట కట్టి కాటాకు తగిలించిన. మేకులు, మొన, కొక్కెం, ఖుర్పి, మిగిలిన సలాక. రెండు కిలోలకు నూట యాభై గ్రాములు తక్కువ.

మళ్ళ తగిలించిన. అంతే.

మొదటి దినం కాలిపోయింది బొటనవేలంతనే, అది యాభై గ్రాములు కూడా ఉండదు. మిగతాది ఎవరు తీసిన్రు? సలాక నా చెయ్యి దాటలే. రాత్రి మూట నా వెంటనే సుశీల ఇంటికి వచ్చింది. నర్సమ్మ ముట్టనే లేదు. ముట్టలేదు ఎందుకంటే నేను కాటా పట్టుకొచ్చిన కనుక. ఆమె దూరంగ నిలబడ్డది అందుకే.

కిందికి చూసిన. దాగలి చుట్టూ నల్లటి పొక్కులు, చేప పొలుసుల లెక్క. సుత్తె దెబ్బ పడ్డప్పుడల్లా ఇనుము మీదికెల్లి రాలినయి. కాలిన ప్రతిసారి ఒక పొర. నేను రెండు రోజులు వాటిని తొక్కుకుంట తిరిగిన. నర్సమ్మ చీపురు తీసుకొని వాటిని ఊడ్చి, పేపర్ల పోసి నా ముందర పెట్టింది.

"ఇవి మీవే అవ్వా. అన్నీ దొరకవు, కొన్ని బొగ్గులనే కలుస్తయి. తూకం వేసుకోండ్రి."

నేను కాటా ముట్టలే. అప్పటి అర కిలో యాదికొచ్చింది. లచ్చయ్యకు ఇచ్చిన పట్టా వంకర తీసి, మడిచి, రెండు పొరలు అతికి, ఎన్నిసార్లు కాల్చి ఉంటడో. ఆయన చెప్పింది ఒక్క మాట. ఆ మాట నిజం.

నర్సమ్మ నా మొకం చూసి మెత్తబడ్డది. ఎండకు తట్టుకోలేకపోయిన అనుకున్నదేమో, తన టిఫిన్ విప్పి నా ముందర పెట్టింది. జొన్న రొట్టె, ఉల్లిగడ్డ కారం, పచ్చి పులుసు. మా ఇంట్ల పచ్చి పులుసుల బెల్లం వెయ్యం. ఈమె వేస్తది. తినుకుంట ముచ్చట మొదలుపెట్టింది.

"నిన్న మీరు కాటా తీస్తే నాకు పానం కలుక్కుమన్నదవ్వా, కోపం చేసుకోకుండ్రి. మాకు దూరపు బావ ఒకాయన ఉండె. మంచి పనోడు. ఆయన ఊర్ల ఎవరో ఒకామె గిట్లనే తూకం వెట్టి దొంగ అన్నదంట. ఊరంత కాటాలు తెచ్చిన్రంట. కొలిమి మూసిండు. మళ్ళ సుత్తె పట్టలే."

"ఏ ఊరు?" అని అడగలే. అడగాల్సిన పని లేదు.

"ఇప్పుడేడున్నడు?"

"ఆరాంఘర్ కాడ, విమానాల రోడ్డు నడుమ చెట్లు కత్తిరిస్తడు. గుత్తేదారు కింద కూలి."

"ఆమె ఎసుంటి మనిషో" అని నర్సమ్మ అన్నది.

ఆ ఒకామె నేనే అని చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. నేను పచ్చి పులుసు పోసుకున్న. రొట్టె తిన్న. ఆమె రొట్టె తిని, మంచిగున్నదని చెప్పి, చెప్పులు తొడుక్కొని వచ్చిన. ఈ మొత్తం ప్రయాణంల నాకు ఎక్కువ సిగ్గయ్యేది ఆ రొట్టె గురించే.

ఆరాంఘర్

మూడో దినం ఆరాంఘర్ పోయిన. రోడ్డు దాటుడే ఒక యుద్ధం. నాలుగు దిక్కుల బస్సులు, ఆటోలు, లారీలు. ఎవ్వరూ ఆగరు. ఒక బురఖా తొడుక్కున్న ఆమె నా చెయ్యి పట్టి, "ఆజావ్ అమ్మా, పరేషాన్ కాకు" అని దాటించింది. దాటినంక వెనక్కి తిరిగి తన దారిన మళ్ళ అవతలికి పోయింది. నన్ను దాటియ్యడానికే వచ్చిందన్నమాట.

రోడ్డు నడుమ పొడుగ్గ పూల చెట్లు. పచ్చ కోటు తొడుక్కున్న మనుషులు నలుగురైదుగురు. వెనక నుంచే పోల్చిన. లచ్చయ్య కుడి భుజం సమ్మెట కొట్టి కొట్టి కొంచెం కిందికి వాలి ఉంటది.

"లచ్చయ్యా."

తిరిగి చూసిండు. కొంచెంసేపు పట్టింది. "మణెమ్మక్కా? నువ్వేంది ఈడ? అందరు మంచిగున్నరా?"

భుజం మీది తువ్వాల తీసి గట్టు మీద పరిచి, "కూసో అక్కా, రాయి కాలుతది" అన్నడు. నేను ఆ తువ్వాల మీద కూసున్న. చాయ్ తెప్పిచ్చిండు, కప్పు ఆరు రూపాయలు. నా సంచి ముడి విప్పంగనే చెయ్యి అడ్డం పెట్టిండు.

ఆయన చేతిల ఉన్న పెద్ద కత్తెర చూసి అడిగిన. "ఇది మొండైతే ఏం చేస్తవు?"

"ఇచ్చేస్తె కొత్తది ఇస్తరు. నూరనియ్యరు."

"నీకు నూరుడు వస్తదని తెల్వదా వాళ్ళకు?"

"ఎవ్వరడగలే, నేను చెప్పలే."

సంచిలకెల్లి నేను చేసిన కొక్కెం తీసి చూపిచ్చిన. తీసుకొని వేలితో వంపు పొడుగున తడిమిండు. మొకం మారింది, పాత లచ్చయ్య మొకం వచ్చింది. "మెడ కాడ సల్లబడ్డంక కొట్టినవ్. గీ గీత చూడు, ఈడనే ఇరుగుతది. ఎవరు చేసిన్రు?"

"నేనే."

"నువ్వా?" అని నవ్విండు. "పర్వలే మరి. మొదటిదానికి నాది ఇంకా అధ్వాన్నంగ ఉండె."

ఇగ ఆగితే ఇంకెన్నడూ చెప్పలేనని తెల్సింది. "రెండు కిలోల సలాక. నూట యాభై తక్కువొచ్చింది లచ్చయ్యా. నా చేతిలనే ఉండె, ఎవ్వరు ముట్టలే."

ఆయన కొక్కెం నా ఒళ్ళ పెట్టిండు.

"నువ్వు దొంగవు కాదు. నేను తప్పు మాట అన్న."

ఆయన చాయ్ కప్పు గట్టు మీద పెట్టిండు. తర్వాత మెల్లగ అన్నడు. "అది నాకు తెల్వదా అక్కా? నేను దొంగను కాదని నాకు అప్పుడే తెల్సు. నాకు చెప్పనీకి ఇంత దూరం ఎందుకొచ్చినవ్? తెల్వనోళ్ళు ఊర్ల ఉన్నరు."

నేను కొక్కెం సంచిల వేసుకున్న.

"ఆఖరుకు ఒక్క మేకు చేయించుకోనీకొచ్చినోళ్ళు కూడా తూకం వేసిన్రు. మేకుకు, అక్కా. దాన్ల నేనేం తినాలె?" అన్నడు. గొంతు లేపలే. అవతల నుంచి ఎవరో విజిల్ వేసిన్రు. లేసి కత్తెర తీసుకున్నడు. నేను లేస్తే తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నడు. "ఎండల తిరగకు, పైలం" అని చెట్ల దిక్కు పోయిండు.

మళ్ళ మా ఊరు

నాలుగో దినం ఊరికొచ్చిన. బస్సు దిగి ఇంటికి పోకుండనే కిరాణం కాడ నిలబడ్డ. అప్పుడు తూకం వేసిందీ, నేను ఆ మాట అన్నదీ అక్కడనే. "లచ్చయ్య ఇనుము తీస్కోలేదు. కాలిస్తే తగ్గుతది. నేను తప్పన్న" అని గట్టిగ చెప్పిన. దుకాణంల ఉన్న నలుగురు నన్ను ఎగాదిగా చూసిన్రు. "ఇనుము తగ్గుడేందమ్మా, నీకు వాళ్ళేమన్న మందు వెట్టిన్రా" అన్నడు దుకాణం ఆయన. "నువ్వప్పుడన్నదే నిజం" అన్నడు ఇంకొకాయన, నన్ను ఓదార్చినట్టు. అప్పుడు అబద్ధం చెప్తే ఒక్క నిమిషంల నమ్మిన్రు. నిజం చెప్పడానికి నాకు వారం పట్టింది, ఇంకా సగం మంది నమ్మలే.

ఇగ ఇల్లిల్లు తిరిగిన. కాటాలు పట్టుకపోయిన ఇండ్లు నాకు యాదికున్నయి, తొమ్మిది. ఒకింటామె, "మేమా? మేమెన్నడు పట్టుకపోయినం? పక్కింటోళ్ళు" అన్నది. పక్కింట్ల, "మా ఇంట్ల కాటానే లేకుండె" అన్నరు. ఒక పెద్దమనిషి, "నేను లచ్చయ్యను ఒక్క మాటన్న మనిషిని కాదు" అని నా మీదనే గరమైండు. ఆయన కొడవలిని మూడుసార్లు తూకం వేసింది నేను నా కండ్లతోని చూసిన. ఆఖరింట్ల అయితే, "పాపం, గట్ల ఎవరు చేసిన్రో" అని నన్నే అడిగిన్రు.

తొమ్మిది ఇండ్ల ఏ ఒక్కరూ కాటా పట్టుకపోలేదు.

మంచిది. మా ఊరోళ్ళు ఎవరన్న ఇది చదివితే నిమ్మళంగ ఉండుండ్రి, మీ పేర్లు నేను రాయలేదు. లచ్చయ్య కొలిమికి కాటా పట్టుకపోయింది మణెమ్మ ఒక్కతే అనుకోండ్రి. ఆయన మాత్రం మన ఇనుము ఒక్క గ్రాము ముట్టలే. అది ఒప్పుకుంటే చాలు.